సోలెడంటే ఎన్ని గ్రాములు?

గిర్నికి జొన్నలు మోసుకుపోయిన వాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. డబ్బా నిండా జొన్నలు తీసుకుపోతాం. పట్టించిన పిండి అదే డబ్బాలో పట్టదు. మూత పడదు, మిగిలింది చేతిసంచీలో పోసుకోవాలి. తూకం వేసి చూస్తే మాత్రం పిండి జొన్నలకంటే కాస్త తక్కువే ఉంటుంది. రాళ్ళకు అంటుకున్నది కొంత, వేడికి ఆరిపోయిన తడి కొంత పోతుంది కదా. అంటే బరువు తగ్గింది, చోటు పెరిగింది. ఇంటికొచ్చి డబ్బాను గడప మీద నాలుగు సార్లు తట్టామంటే పిండి మళ్ళీ కిందికి దిగుతుంది. అప్పుడు బరువేమీ మారలేదు, చోటు తగ్గింది.

వంటల పుస్తకం ముందేసుకుని "కప్పు అంటే ఎన్ని గ్రాములు?" అని అడిగేవాళ్ళకు సూటి జవాబు దొరకకపోవడానికి కారణం ఈ డబ్బాలోనే ఉంది. కప్పు, సోల, గ్లాసు చోటును కొలుస్తాయి. కిలో, తులం పదార్థాన్ని కొలుస్తాయి. ఈ రెంటినీ కలిపే అంకె ఒకటుంది గానీ అది కప్పుది కాదు. కప్పులో పోసిన సరుకుది.

ఇలాంటి అంకెతో పోచంపల్లి మగ్గాల దగ్గర రోజూ పని పడుతుంది. నూలు అమ్మేది కిలోల లెక్కన. నేసేవాళ్ళకు కావలసింది పొడవు, అంటే పడుగుకెన్ని మీటర్లు, పేకకెన్ని మీటర్లు అన్నది. ఈ రెంటి మధ్య వంతెన కౌంటు. 840 గజాల నూలు ఒక చిలప అనుకుంటే, ఒక పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగితే అది అంత కౌంటు. 60 కౌంటు ఒంటిపోగు నూలు కిలోకు దాదాపు 102 కిలోమీటర్లు వస్తుంది. పోచంపల్లి నుంచి హైదరాబాద్ పోయి తిరిగి రావచ్చు. 100 కౌంటైతే అదే కిలోకు 169 కిలోమీటర్లు. "కిలో నూలు ఎంత పొడుగుంటుంది?" అని అడిగితే మగ్గం మీద కూర్చున్న మనిషి ముందు "ఏ కౌంటు?" అని ఎదురడుగుతాడు. వంటింట్లో మనం ఆ ఎదురుప్రశ్న వేయడం మరిచిపోతాం. జొన్నలకో కౌంటు, జొన్నపిండికో కౌంటు, ఉప్పుకో కౌంటు ఉన్నాయి. శాస్త్రంలో దాన్ని రాశి సాంద్రత అంటారు. ఒక మిల్లీలీటరు చోటులో, సందులతో సహా, ఎన్ని గ్రాముల సరుకు కూర్చుంటుందన్నదే ఆ లెక్క.

సందులతో సహా అన్న మాటే ఇక్కడ కీలకం. బియ్యపు గింజ నీళ్ళకంటే బరువైనది. మిల్లీలీటరుకు 1.45 గ్రాములదాకా ఉంటుంది, అందుకే నీళ్ళలో వేస్తే మునుగుతుంది. కానీ 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండా బియ్యం పోసి తూస్తే 165 గ్రాముల చుట్టూ వస్తుంది. నీళ్ళయితే 200 ఉండేవి. మునిగే గింజ గ్లాసులో ఎందుకు తేలికైంది? నిండుగా పోసిన ఆ బియ్యం మీద మెల్లగా నీళ్ళు పోస్తూ చూడండి. పొర్లకుండా ఇంచుమించు 80 నుంచి 90 మిల్లీలీటర్లు పడతాయి. నిండు గ్లాసనుకున్నదాంట్లో దగ్గరదగ్గర సగం గాలే.

ఈ గాలిని ఎంతవరకు తగ్గించవచ్చన్నది గణితంలో పాత పంతం. ఒకే సైజు గుండ్రటి బంతుల్ని ఎంత ముద్దుగా పేర్చినా చోటులో 74 శాతానికి మించి నింపలేమని 1611లో కెప్లర్ ఊహించాడు. బజారులో పండ్లమ్మే మనిషి బత్తాయిలు పేర్చే పద్ధతే అది. దాన్ని నిరూపించడానికి 1998 దాకా పట్టింది. నిరూపించినవాడు థామస్ హేల్స్ అనే అమెరికన్. ఇంకో హేల్స్, స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండ్ మతగురువు, 1727లోనే కుండలో బఠాణీలు నానబెట్టి, మీద బరువు పెట్టి, అవి ఉబ్బి ఒకదాన్నొకటి ఒత్తుకుని ఏ ఆకారానికి వస్తాయో పరిశీలించాడు. ఇద్దరికీ పేరు కలిసిందంతే. ఇక చేత్తో పేర్చకుండా వీలైనంత వదులుగా పోస్తే గుండ్రటి గింజలు 56 శాతం దగ్గర ఆగిపోతాయి, బాగా కుదిపితే 64 దాకా వస్తాయి. ఈ తేడా చిన్నదేం కాదు. అదే పాత్రలో, అదే గింజ, కుదిపినందుకే ఏడో వంతు ఎక్కువ పడుతుంది. కొద్దిగా నొక్కిన బంతి ఆకారం గుండ్రటి దానికంటే ఇంకా గట్టిగా సర్దుకుంటుందని 2004లో ప్రిన్స్‌టన్‌లో చాక్లెట్ బిళ్ళలతో చేసిన ప్రయోగంలో తేలింది. కానీ గింజ మరీ సన్నగా, పొడుగ్గా అయితే కథ అడ్డం తిరుగుతుంది. పుల్లల్లా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి సందులు పెరుగుతాయి. దొడ్డుబియ్యం సోలకూ పొడుగాటి బాస్మతి సోలకూ తూకంలో తేడా రావడానికి గింజ ఆకారం ఒక కారణం.

పిండి సంగతి వేరు. గింజ చిన్నదయ్యేకొద్దీ దాని బరువు చాలా వేగంగా పడిపోతుంది. అడ్డుకొలత పదో వంతైతే బరువు వెయ్యో వంతవుతుంది. గింజకు గింజ అంటుకునే గుణం మాత్రం అంత వేగంగా తగ్గదు. జొన్న గింజ తన బరువుకు తాను జారి సందులో పడుతుంది. పిండి రేణువుకు ఆ బరువు లేదు, పక్కదాన్ని పట్టుకుని అక్కడే వేలాడుతుంది. అలా రేణువులు వంతెనలు కట్టుకుని లోపల గాలిని మోస్తుంటాయి. అందుకే గిర్నిలోంచి అప్పుడే రాలిన పిండి అంత ఉబ్బుగా ఉంటుంది, తట్టగానే అంతగా దిగుతుంది. తట్టిన తర్వాతి సాంద్రతకూ తట్టక ముందు సాంద్రతకూ ఉన్న నిష్పత్తికి మందుల కంపెనీల్లో హౌస్నర్ నిష్పత్తి అని పేరు. మాత్రల పొడి యంత్రంలోకి సాఫీగా జారుతుందో లేదో దాన్ని బట్టే అంచనా వేస్తారు. మెత్తటి పిండ్లకు అది 1.3 దాటడం మామూలే. జల్లించి తేలిగ్గా పోసిన గ్లాసుకూ డబ్బాలో గ్లాసు గుచ్చి తీసిన గ్లాసుకూ మూడో వంతు తేడా రావచ్చన్నమాట. సంక్రాంతికి సకినాలు చేసేటప్పుడు ఇంకో మెలిక ఉంది. నానబెట్టిన బియ్యం పట్టిస్తాం గనక ఆ తడిపిండి ఉండలు కట్టి ఇంకా ఎక్కువ చోటు పట్టుకుంటుంది. తూస్తే అందులో నీళ్ళ బరువు కూడా కలిసి వస్తుంది. అనుభవం ఉన్న ఆడవాళ్ళు "ఎన్ని శేర్ల పిండి" అనకుండా "ఎన్ని శేర్ల బియ్యం నానబోశావ్?" అని అడగడంలో తెలివి ఉంది. పొడి బియ్యం దగ్గర కొలిస్తే ఈ గొడవలేవీ ఉండవు.

శేరు అంటే మళ్ళీ చిక్కే. బ్రిటిష్ ఇండియా ప్రామాణిక శేరు 80 తులాల తూకం, మన లెక్కన 933 గ్రాములు. పల్లెల్లో శేరు పేరుతో కొలపాత్ర కూడా నడిచింది. గింజల కొలతలకు వేరే వరస ఉండేది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. పుట్టి దగ్గర తప్ప అంతా రెట్టింపుల లెక్క కావడంతో చదువు రాకపోయినా నోటితో చేసుకోగలిగేవాళ్ళు. వరస ఒకటే అయినా సోల సైజు ప్రాంతాన్ని బట్టి మారేది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి భూదానంగా 100 ఎకరాలు ఇస్తానన్న రోజుకు పోచంపల్లిలో భూమి ఎకరాల్లోకి వచ్చింది గానీ కిలో ఇంకా రాలేదు. దేశానికి మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చి, 1958 అక్టోబరు నుంచి అంచెలంచెలుగా అమల్లోకి వచ్చింది.

కొలపాత్రలో మోసానికి ఎంత చోటుందో చూడండి. పాత్రను తలగొట్టి, అంటే అంచుదాకా నున్నగా గీసి కొలవవచ్చు. కుప్పగా పోసీ కొలవవచ్చు. గింజల కుప్ప సుమారు 30 డిగ్రీల వాలుతో నిలుస్తుంది. 8 సెంటీమీటర్ల మూతి, 16 సెంటీమీటర్ల లోతు ఉన్న పాత్రలో తలగొడితే 800 మిల్లీలీటర్ల గింజలు పడతాయి. 16 సెంటీమీటర్ల మూతి, 4 సెంటీమీటర్ల లోతు ఉన్నదాంట్లోనూ అంతే పడతాయి. తలగొట్టినప్పుడు రెండూ సమానం. కుప్ప పోస్తే మొదటిదాని మీద నిలిచేది 40 మిల్లీలీటర్లలోపే. రెండోదాని మీద 310. మూతి రెట్టింపైతే కుప్ప ఎనిమిది రెట్లవుతుంది. నిజాం కాలపు నల్లగొండ పల్లెల్లో గింజలు అప్పు తెచ్చుకుని, పంట వచ్చాక వడ్డీతో సహా గింజలే కొలిచి ఇచ్చే నాగు పద్ధతి ఉండేది. వడ్డీ పైకి కనిపించేదే. కానీ ఇచ్చేటప్పుడు తలగొట్టి, రాబట్టుకునేటప్పుడు వెడల్పు మూతి పాత్రలో కుప్ప పోసి, పైగా కుదిపి కొలిస్తే, వడ్డీ ఊసెత్తకుండానే సగానికి సగం ఎక్కువ తీసుకోవచ్చని ఈ జ్యామితి చెబుతుంది. ఎవరి చేత్తో కొలిచారన్నది ఎంత కొలిచారన్నదానికంటే పెద్ద ప్రశ్న. గట్టి సరుకులు తూకం మీద అమ్మాలని చట్టాలు పట్టుబట్టడం నా దృష్టిలో మంచి పనే. అంగడిలో రేగుపండ్లూ మరమరాలూ ఇప్పటికీ గ్లాసులకు అమ్ముతున్నారనుకోండి, ఆ పావలా బేరంలో ఎవరూ మునిగిపోరు.

ఇంతకీ మన వంటింటి సంగతి. ముందు మీ గ్లాసు ఎంతదో తెలుసుకోండి. చిన్న ఎలక్ట్రానిక్ కాంటా మీద ఖాళీ గ్లాసు పెట్టి, అంకెను సున్నా చేసి, నిండా నీళ్ళు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే గ్లాసు అన్ని మిల్లీలీటర్లు. మన ఎండల్లో నీళ్ళు కాస్త తేలికవుతాయి గానీ ఆ తేడా వెయ్యికి నాలుగైదు పాళ్ళే, పట్టించుకోనక్కర్లేదు. కాంటా లేకపోతే అర లీటరు పాల పాకెట్ కత్తిరించి ఎన్ని గ్లాసులైందో చూసినా చాలు. గ్లాసు 200 మిల్లీలీటర్లు వచ్చిందనుకుందాం. దాంట్లో పాలు 206 గ్రాములు, నూనె 183 దాకా. చక్కెర 170, కందిపప్పు బియ్యంలాగే 165 అటూ ఇటూ, జొన్నలు 150, బొంబాయి రవ్వ 140, బియ్యప్పిండి 130, జొన్నపిండి 100 నుంచి 120, శనగపిండి 80 నుంచి 100. మెత్తటి ఉప్పయితే 240 పైనే, మరమరాలైతే 20 కూడా ఉండవు. జొన్నపిండికీ శనగపిండికీ రెండేసి అంకెలు ఎందుకు ఇచ్చానో ఇంతదాకా చదివినవాళ్ళకు తెలుసు.

అన్నానికి కాంటా అక్కర్లేదు. ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళన్నప్పుడు ఆ గ్లాసు ఏదైనా ఒకటే, ఎందుకంటే రెంటినీ దాంతోనే కొలుస్తున్నాం. ఇడ్లీకి పప్పూ రవ్వా పాళ్ళు కూడా అంతే. అసలు గోల ఒకదాన్ని గ్లాసుతో, రెండోదాన్ని కాంటాతో కొలిచినప్పుడు మొదలవుతుంది. "ఒకటికి రెండు" అని విని 165 గ్రాముల బియ్యానికి 330 గ్రాముల నీళ్ళు పోస్తే అన్నం పలుకు మీదే ఉంటుంది. గ్లాసు లెక్కన పడాల్సింది 400. చోటులో ఒకటికి రెండు అన్నది బరువులో ఒకటికి దాదాపు రెండున్నర. రేషన్ బియ్యానికీ గ్లాసు లెక్క పనికొస్తుంది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి తెలంగాణ రేషన్ షాపుల్లో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఈ గ్లాసుతో అది 36 గ్లాసులు, రోజుకు ఒకటి పైచిలుకు. ఇంటిల్లిపాదికీ నెల గడుస్తుందా లేదా అన్నది కిలోల్లో కంటే గ్లాసుల్లో తొందరగా తేలుతుంది.

కప్పు కూడా దేశానికొకటి. అమెరికా కప్పు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాది 250. పెద్ద చెంచా అమెరికాలో 15 అయితే ఆస్ట్రేలియాలో 20. మన ఇళ్ళల్లో ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు చాలావాటిలో 180 మిల్లీలీటర్లు. అది జపాన్‌వాళ్ళ గో అనే పాత బియ్యపు కొలత, వాళ్ళ సోల అనుకోండి. కుక్కర్ గిన్నె లోపలి గీతలు ఆ కప్పుకే సరిపోతాయి. ఆ కప్పు పోగొట్టుకుని స్టీలు గ్లాసుతో కొలిచి గీతదాకా నీళ్ళు పోసేవాళ్ళ అన్నం అందుకే ఒకరోజు ముద్ద, ఒకరోజు పలుకు. అమెరికాలో తలగొట్టి కొలిచే పద్ధతిని ఇంటింటికీ చేర్చింది ఫానీ ఫార్మర్ అనే వంట గురువు. 1896లో వచ్చిన ఆమె పుస్తకంలో కప్పూ చెంచా అంచుదాకా కత్తితో గీయాలన్నది నియమం. "ఓ గుప్పెడు", "కోడిగుడ్డంత వెన్న" లాంటి కొలతలతో విసిగినవాళ్ళకు అదే పెద్ద ఊరట. కానీ పిండి ఎంత వదులుగా పోశారన్నది కత్తి గీతకు తెలియదు గనక, రొట్టెలు కాల్చి అమ్మేవాళ్ళు ఏ దేశంలోనైనా తూకాన్నే నమ్ముతారు.

తూకం నిజంగా ప్రాణం పోసేది తొక్కుల దగ్గర. వేసవిలో డాలస్ నుంచి కూతురు ఫోన్ చేసి, "అమ్మా, మామిడికాయ తొక్కుల ఉప్పు ఎంత పొయ్యాలె?" అంటుంది. "ముక్కలు నాలుగు సోలలైతే ఉప్పు సోల నిండకుండ పొయ్యి బిడ్డా" అంటుంది తల్లి. తల్లి మనసులో ఉన్నది దొడ్డుప్పు. కూతురి చేతిలో ఉన్నది మెత్తటి అయొడైజ్డ్ ఉప్పు. దొడ్డుప్పు రాళ్ళ మధ్య సందులెక్కువ, అదే 200 మిల్లీలీటర్లకు 200 గ్రాముల అటూ ఇటూ తూగుతుంది. మెత్తటిది 240 దాటుతుంది. కూతురి తొక్కులో అయిదో వంతు ఉప్పు ఎక్కువ పడింది. ఆమె అక్కడి దుకాణంలో పొరలు పొరలుగా ఉండే కోషర్ ఉప్పు కొన్నదనుకోండి, కథ తిరగబడుతుంది. వాటిలో కొన్ని రకాలు మెత్తటి ఉప్పు బరువులో సగమే తూగుతాయి. అప్పుడు ఉప్పు చాలక తొక్కు బూజు పడుతుంది. బూజుకు సోలలు తెలియవు. ముక్కలోని నీళ్ళలో ఎన్ని గ్రాముల ఉప్పు కరిగిందన్నదే దానికి అడ్డు. తల్లి తన సోలనూ తన ఉప్పునూ మార్చకుండా ఏళ్ళ తరబడి పెట్టింది గనక ఆమెకు కాంటా అవసరం రాలేదు. పాత్రో ఉప్పో మారినప్పుడు మాత్రం తూయక తప్పదు. పోచంపల్లిలో రంగులద్దేవాళ్ళు నూలు బరువులో ఇంత శాతమని రంగుపొడి తూచి కలపడానికీ ఇదే కారణం. చెంచా లెక్కన వేస్తే ఒక వాయి నీలం ఇంకో వాయి నీలంతో కలవదు.

ద్రవాలకు సందుల గొడవ లేదు, వాటిని సతాయించేది వేడి. లీటరు నూనె పాకెట్ మీద "910 గ్రాములు" అని ఉండటం చూసే ఉంటారు. నూనె నీళ్ళకంటే తేలిక గనక అది సహజమే. కానీ వేడి నూనె ఉబ్బుతుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర నింపితే 919 గ్రాములు, 60 డిగ్రీల దగ్గర నింపితే 892.6. పాకెట్ మీద "60 డిగ్రీల దగ్గర ఒక లీటరు" అని రాసి నింపితే లీటరు మాట తప్పినట్టు కాదు, కానీ కొన్నవాళ్ళకు 26 గ్రాములు తగ్గుతుంది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ ఉష్ణోగ్రత మెలికను తీసేసి, లీటర్లతో పాటు బరువు కూడా సరిగ్గా ముద్రించాలని కంపెనీలకు చెప్పింది, 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. నూనె కొనేటప్పుడు నేను లీటర్ల అంకె చూడను, గ్రాముల అంకే చూస్తాను.

అలాగని తూకం హరిశ్చంద్రుడేమీ కాదు. కొనుగోలు కేంద్రాల్లో వడ్లకు తేమ 17 శాతం మించకూడదన్న నియమం ఎందుకుంది? 20 శాతం తేమతో ఉన్న 100 కిలోల వడ్లు 17కు ఆరేసరికి 96.4 కిలోలవుతాయి. ఒక్క గింజ కూడా పోలేదు, పోయింది నీళ్ళే. వానాకాలంలో డబ్బాలోని ఉప్పు, బెల్లం ఇలాగే చెమ్మ పీల్చి బరువెక్కుతాయి. ఇంకో ఇబ్బంది చిన్న చిన్న కొలతల దగ్గర. ఒక గ్రాము దాకా మాత్రమే చూపించే ఇంటి కాంటా మీద రెండు గ్రాముల వంటసోడా తూస్తే అది ఒకటిన్నరో రెండున్నరో చెప్పలేం. అక్కడ తలగొట్టిన చెంచానే మేలు. 5 మిల్లీలీటర్ల చెంచాకు మెత్తటి ఉప్పు సుమారు 6 గ్రాములు, పసుపు 3 గ్రాములు. పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఈ ఒక్క చెంచాకంటే కాస్త తక్కువే. పప్పు, కూర, తొక్కు, మజ్జిగ అన్నిట్లో కలిపి.

ఈ వేసవిలో మీ ఇంట్లో తొక్కు పెట్టేటప్పుడు అమ్మనో అత్తమ్మనో ఎప్పటిలాగే సోలతో కొలవనివ్వండి. మీరు పక్కన కాంటా పెట్టుకుని ఆ సోలెడు ఉప్పు, సోలెడు కారం, సోలెడు ఆవపిండి, సోలెడు ముక్కలు విడివిడిగా తూచి గ్రాముల్లో రాసుకోండి. ఉప్పు దొడ్డదో మెత్తటిదో తప్పకుండా రాయండి. ఆ కాగితం ఫోటో తీసి దూరాన ఉన్న పిల్లలకు పంపండి.